హ్మిర్యా గొంతు వినాలనుకునేవారికి

ఫోను స్పీకరులో మాత్రం వినకండి. మిగిలినవన్నీ తరువాత చెబుతాను.

ఉక్రెయిన్ ఒపేరా (పాటలతోనే నడిచే నాటకం) గాయకుడు బోరిస్ హ్మిర్యా పాటను ఒకసారి మా కాకినాడ ఆసుపత్రిలో, మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక, బల్ల మీద ఫోను పెట్టి మా కాంపౌండరుకు వినిపించాను. "బేస్ గాయకుడయ్యా, అంటే మగగొంతుల్లో అన్నిటికంటే కిందిది, వాళ్ల దేశంలో బాస్ అంటారు" అని ముందే పరిచయం కూడా చేశాను. అతను శ్రద్ధగా విని, "బాస్ అన్నారు కదా మేడం, జలుబు చేసిన గుమాస్తాలా ఉన్నాడు" అన్నాడు. తప్పు అతనిది కాదు, నాది. చెవి, ముక్కు, గొంతు వైద్యం చేసే దాన్ని, ఆ మాత్రం ముందే తెలిసి ఉండాలి.

బేస్ గాయకుడి గొంతు కిందికి దిగితే స్వరతంతువులు సెకనుకు ఎనభై రెండు సార్లకు కాస్త అటూ ఇటూగా కంపిస్తాయి. మన లెక్కలో చెప్పాలంటే, ఒకటో శ్రుతిలో షడ్జమం పెట్టుకుని మంద్రంలోకి దిగుతూ, పంచమాన్ని దాటి, మధ్యమాన్ని దాటి, గాంధారం దగ్గర ఆగడం. అంత కింది ధ్వనిని ఫోనులోని గోరంత స్పీకరు పుట్టించలేదు. పై పొరలను మాత్రమే వినిపిస్తుంది. పునాదిని మన మెదడే ఊహించి పూరించుకుంటుంది. అంటే మీరు విన్నది హ్మిర్యాను కాదు, హ్మిర్యా గురించి మీ మెదడు వేసిన అంచనాను. కాబట్టి చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోను తీసుకోండి. లేదా ఇంట్లో పాత పెద్ద స్పీకర్లు ఉంటే దుమ్ము దులపండి. ఖరీదైనవి అక్కర్లేదు. ఫ్యాను ఆపండి, అదీ ముఖ్యమే, ఎందుకంటే ఫ్యాను హోరు ఉండేదీ అడుగు స్వరాల ప్రాంతంలోనే. రికార్డులు పాతవి, గీతల చప్పుడు ఉంటుంది. దాన్ని తగ్గించాలని మీటలు తిప్పకండి. గీతలతో పాటు గొంతులోని మెరుపు కూడా పోతుంది.

ఆ మెరుపు గురించి ఒక్క మాట. మైకు లేకుండా అరవై డెబ్భై వాయిద్యాల మీద ఒక మనిషి గొంతు ఎలా వినిపిస్తుంది? గట్టిగా అరవడం వల్ల కాదు. వాయిద్యబృందం బలమంతా ఎక్కువగా ఐదు వందల హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) చుట్టుపక్కల ఉంటుంది, ఆ పైన తగ్గిపోతూ వస్తుంది. తర్ఫీదు పొందిన గాయకుడు స్వరపేటికకు పైనున్న గొట్టాన్ని మలిచి, రెండున్నర వేల హెర్ట్జ్ ప్రాంతంలో ఒక అదనపు కాంతిని పుట్టిస్తాడు. వాయిద్యాలు ఖాళీగా వదిలిన ఆ కిటికీలోంచి గొంతు బయటికి వస్తుంది. హ్మిర్యా విషయంలో అది కంచు గంటను వేలితో మెల్లగా తట్టినట్టు ఉంటుంది. అడుగున గరుకు ఉంటుంది, పైన గంట మోగుతుంది. రెండూ ఒకేసారి వినబడే వరకు అదే పాటను మళ్లీ మళ్లీ పెట్టండి. (ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆయనలా పాడి చూడాలని అనిపిస్తుంది. వద్దు. స్వరపేటికను బలవంతంగా కిందికి నొక్కి మాట్లాడి గొంతు పోగొట్టుకున్న మిమిక్రీ కుర్రాళ్లను చాలామందిని చూశాను.)

తరువాత పేరు. వెతికేటప్పుడు ఇక్కడే సగం మంది ఆగిపోతారు. ఆయన ఇంటిపేరులో మొదటి అక్షరం ఉక్రేనియన్‌లో 'హ', రష్యన్‌లో 'గ'. రాసే అక్షరం మాత్రం ఒక్కటే. అందుకే ఇంగ్లీషు స్పెల్లింగులో కొందరు హెచ్‌తో, కొందరు జీతో రాస్తారు. రెండు విధాలా వెతకండి. నేను ఉక్రెయిన్ నగరం ఖార్కివ్‌లో వైద్యం చదివిన రోజుల్లో మాకు నేర్పింది రష్యన్, కాబట్టి నాకు చాలాకాలం ఆయన గ్మిర్యాయే. నా ఉచ్చారణను సరిదిద్దింది మా హాస్టల్ వాకిట్లో కూర్చునే ముసలావిడ.

ఆవిడ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1998 చలికాలం అనుకుంటాను. లోపలికి వచ్చేవాళ్ల కార్డులు చూడటం ఆవిడ పని. బల్ల మీద ఒక రేడియో, ఒక టీ గ్లాసు, అల్లిక సామాను. నేను శవపరీక్ష తరగతి నుంచి గడ్డకట్టిన వేళ్లతో వచ్చి కార్డు కోసం జేబులు వెతుక్కుంటున్నాను. ఆవిడ వేలు పెదవుల మీద పెట్టి, "నిలబడు అమ్మాయీ, మా ఊరి ఇంజనీరు పాడుతున్నాడు" అంది. పాట అయ్యేదాకా నన్ను లోపలికి పోనివ్వలేదు. నాకు పాటకంటే ఆ 'ఇంజనీరు' అన్న మాటే గుర్తుండిపోయింది.

అది నిజమే. హ్మిర్యా 1903లో లెబెదిన్ అనే చిన్న ఊరిలో పుట్టారు, ఇప్పుడది సూమీ ప్రాంతంలో ఉంది. తండ్రి తాపీ మేస్త్రీ. పదకొండో ఏటి నుంచే పనిలో ఉన్నారు. ఓడరేవులో మూటలు మోశారు, ఓడ కొలిమిలో బొగ్గు ఎగదోశారు, నావికుడిగా తిరిగారు. ఆ తరువాత కార్మికుల కోసం పెట్టిన బడిలో చదివి, ఖార్కివ్ సివిల్ ఇంజనీరింగ్ సంస్థలో చేరి 1935లో పట్టా తీసుకున్నారు. ఇళ్లు కట్టిన మనిషి కొడుకు ఇళ్లకు నక్షాలు గీసే చదువు చదివాడు. ఏ ఇంట్లోనైనా అంతటితో కథ ముగిసేది. ఈయన మాత్రం అదే కాలంలో ఖార్కివ్ సంగీత కళాశాలలో పావ్లో హోలుబెవ్ అనే గురువు దగ్గర గొంతు సాధన చేశారు, 1936లో ఖార్కివ్ ఒపేరాలో గాయకుడయ్యారు, 1939లో సంగీతం పట్టా కూడా తీసుకున్నారు. ఆ ఏడే మాస్కోలో అఖిల సోవియట్ గాయకుల పోటీలో రెండో బహుమతి, ఆ ఏడే కీవ్ ఒపేరాలో చోటు. ఇంజనీరింగు చదువుతూ గాయకులైనవారిని తెలుగువాళ్లు ఎరుగుదురు కాబట్టి మనకు ఇది వింతగా అనిపించకపోవచ్చు. కానీ ముప్ఫై మూడేళ్లకు మొదటిసారి ఒపేరా వేదిక ఎక్కడం వింతే. బేస్ గొంతుకు మాత్రం అది ఆలస్యం కాదు. ఆ గొంతు చింతకాయ పచ్చడి లాంటిది, ఊరాలి.

ఇప్పుడు మొదటి పాట. చాలామంది చేసే పొరపాటు, ఒపేరాలోంచి పెద్ద పెద్ద ఘట్టాలతో మొదలుపెట్టడం. పిచ్చెక్కిన రాజులు, నవ్వే దయ్యాలు. నేనూ అలాగే మొదలుపెట్టి, అందరూ ఒకేలా గర్జిస్తున్నారని విసుగెత్తి మానేశాను. గర్జన ఎవరైనా చేస్తారు. బేస్ గాయకుడి గొప్పతనం గొంతు తగ్గించినప్పుడు తెలుస్తుంది. కాబట్టి "ద్యివ్‌ల్యూస్ యా నా నెబో" అనే పాటతో మొదలుపెట్టండి. 'ఆకాశంకేసి చూస్తున్నాను' అని అర్థం. పందొమ్మిదో శతాబ్దపు కవి మిఖాయిలో పెత్రెంకో రాసిన మాటలు. డేగగా ఎందుకు పుట్టలేదు, రెక్కలు ఎందుకు ఇవ్వలేదు దేవుడు అని ఒక దిక్కులేనివాడు అడుగుతాడు. 1962లో ఉక్రెయిన్‌వాడైన వ్యోమగామి పావ్లో పొపోవిచ్ అంతరిక్షంలో తిరుగుతూ పాడిన పాట ఇదే. రెక్కలు లేవని ఏడ్చే పాటను భూమి చుట్టూ ఎగురుతూ పాడాడంటే, పల్లెటూరి హాస్యం ఎక్కడికి పోయినా పోదు.

మొదటిసారి మాటల జోలికి పోకండి. ప్రతి పాదం చివర ఏం జరుగుతుందో మాత్రం గమనించండి. చాలామంది అక్కడ స్వరాన్ని వదిలేస్తారు. హ్మిర్యా స్వరాన్ని దించుతారు, గిన్నెలో పాలు పోసేటప్పుడు చివరి చుక్క దగ్గర చేయి ఎత్తి పట్టినట్టు. రెండోసారి మాటలు ఎదురుగా పెట్టుకుని వినండి. ఉక్రేనియన్ రాకపోయినా పరవాలేదు. అచ్చులు విప్పారి ఉంటాయి, పలకడం తేలిక. 'నెబో' అంటే ఆకాశం, 'సోకిల్' అంటే డేగ. ఈ రెండూ పట్టుకుంటే చాలు. మూడోసారి కళ్లు మూసుకుని, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో వెతకండి. దొరకదు. అది దొరకలేదని నమ్మకం కలిగాక ఒపేరాకు వెళ్లవచ్చు.

ఒపేరాలో ముందు తారాస్ బుల్బా. ఉక్రెయిన్ స్వరకర్త లిసెంకో కట్టిన ఈ ఒపేరా ఉక్రేనియన్ భాషలో ఉంటుంది, ఉండాలనే ఆయన పట్టుబట్టారు. రష్యన్‌లోకి మార్చడానికి ఒప్పుకోకపోవడంతో ఆయన బతికుండగా అది వేదిక ఎక్కలేదు. 1912లో లిసెంకో పోయారు, 1924లో ఖార్కివ్‌లో మొదటిసారి ఆడారు. కన్నకొడుకు శత్రువుల పక్షం చేరితే తన చేతులతో చంపే ముసలి కసాక్కు (ఉక్రెయిన్ గుర్రపు యోధుడు) కథ అది. హ్మిర్యా పాడిన తారాస్ ఘట్టంలో కోపంకోసం చూడకండి. కోపం తక్కువే. భుజం మీద బరువు మోసిన మనిషి నడకలా ఉంటుంది ఆ లయ. మూటలు మోసిన రోజులు అందులో ఉన్నాయని నేను అంటే మా అబ్బాయి నవ్వుతాడు. నవ్వనివ్వండి.

ఆ తరువాత రష్యన్ స్వరకర్త ముస్సోర్గ్‌స్కీ కట్టిన ఒపేరా 'బోరిస్ గొదునోవ్'. అధికారం దక్కాక నిద్ర పోగొట్టుకున్న రాజు ఏకాంతంలో మాట్లాడుకునే ఘట్టం. ఇక్కడ వేరే గాయకులతో పోల్చి చూడండి. చాలామంది రాజుగా పాడతారు. హ్మిర్యా తండ్రిగా పాడతారు. ఇది నా అభిప్రాయమే, కాదనేవాళ్లు ఉంటారు.

ఇక మరో రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ఒపేరా 'యెవ్గేనీ అన్యేగిన్' లోని గ్రేమిన్ పాత్ర. ఆ పాత్రకు ఉన్నది ఒక్క పాటే. వయసు మళ్లినవాడు పడుచు భార్య మీది ప్రేమను దాచుకోకుండా చెబుతాడు, చివరలో గొంతు పాతాళానికి దిగుతుంది. ఈ పాట దగ్గర ఒక్క క్షణం పక్కదారి పట్టి మరో బేస్ గాయకుడు మార్క్ రైజెన్‌ను కూడా వినండి. ఆయన 1895లో బఖ్మూత్ దగ్గరి పల్లెలో పుట్టిన యూదుడు, ఆయనా ఖార్కివ్‌లోనే మొదలుపెట్టారు. 1985లో తన తొంభయ్యో పుట్టినరోజుకు మాస్కో బల్షోయ్ వేదిక మీద ఇదే గ్రేమిన్ పాత్ర పాడారు. దృశ్యం కూడా దొరుకుతుంది. వైద్యురాలిగా నాకు అది నమ్మశక్యం కాదు. తొంభై ఏళ్లకు స్వరతంతువులు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

నవ్వు కావాలంటే హ్మిర్యా దగ్గరకు కాదు, ఇవాన్ పతోర్జిన్‌స్కీ దగ్గరకు వెళ్లాలి. కీవ్ ఒపేరాలో హ్మిర్యాకు ముందటి తరం పెద్ద. 'దన్యూబుకు ఆవల జపరోజియన్' అనే ఒపేరాలో కరాస్ పాత్రకు ఆయన పెట్టింది పేరు. తాగి ఇంటికి ఆలస్యంగా వచ్చి, భార్య ఒదార్కాకు అబద్ధాలు చెప్పబోయి దొరికిపోయే ముసలి కసాక్కు. 1863లో ఆ ఒపేరాను కట్టిన హులాక్ అర్తెమోవ్‌స్కీ తానే మొదటి కరాస్‌గా పాడారు. నేను ఖార్కివ్‌లో సుమ్‌స్కా వీధిలోని ఒపేరాలో, మూడు స్వెట్టర్లతో, అన్నింటికంటే చౌక టిక్కెట్టు కొనుక్కుని, పై అంతస్తులో కూర్చుని చూశాను. పక్కనున్న పెద్దావిడ కరాస్ నోరు తెరవకముందే సంభాషణ అందిస్తోంది. మా తాతగారు పద్యనాటకంలో నటుడి కంటే ముందు పద్యం ఎత్తుకునేవారు. ఆ రాత్రి నాకు మొదటిసారి ఆ ఊరిలో పరాయితనం అనిపించలేదు.

మళ్లీ హ్మిర్యా. 1951లో ఆయనకు సోవియట్ ప్రజా కళాకారుడు అనే బిరుదు వచ్చింది. ఒక గాయకుడికి అక్కడ అంతకంటే పై మెట్టు లేదు. 1957లో ఒపేరా వదిలేశారు. కారణాలు వెతుక్కోవడం కంటే ఆ తరువాత ఏం పాడారో వినడం మేలు. పియానో పక్కన నిలబడి, వేషం లేకుండా, పాటలు. లెవ్ ఒస్త్రిన్ పియానో వాయించేవారు. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 'శీతాకాల యాత్ర' పాటలను రష్యన్ అనువాదంలో పాడిన రికార్డులు వెతకండి. వాటిలో చివరి పాట ఒక బిచ్చగాడి గురించి. మంచు మీద వట్టి కాళ్లతో నిలబడి, పిడి తిప్పి మోగించే వాయిద్యం వాయిస్తుంటాడు, పళ్లెంలో ఒక్క నాణెం ఉండదు. పియానో ఎడమచేయి అంతసేపూ రెండే స్వరాలు మోగిస్తుంది, షడ్జమ పంచమాలు. తంబురా శ్రుతి విని పెరిగిన చెవికి ఇది ఎవరూ వివరించనవసరం లేదు. ఐరోపా సంగీతం కొత్తయిన తెలుగు శ్రోతలకు నేను ఇచ్చే తాళంచెవి ఇదే. ఇక్కడ హ్మిర్యా దాదాపు మాట్లాడినట్టే పాడతారు. కంచు గంట ఇక మోగదు. కావాలని మోగనివ్వరు.

చివరగా, ఆయన పాడనిది. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

యుద్ధకాలంలో జర్మన్లు ఆక్రమించిన ప్రాంతంలోనే హ్మిర్యా ఉండిపోయారు, పోల్తావా నాటకశాలలో పాడారు. యుద్ధం ముగిశాక అలాంటివారి మీద సోవియట్ అధికారుల అనుమానం ముసురుకునే ఉండేది. బిరుదులు వచ్చినా అది పూర్తిగా చెరగదు. 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో కీవ్ అంచున బాబి యార్ లోయలో నాజీలు 33,771 మంది యూదులను చంపారు. అక్కడ స్మారకం కూడా లేదని 1961లో రష్యన్ కవి యెవ్తుషెంకో కవిత రాశాడు. స్వరకర్త షొస్టకోవిచ్ దాన్ని తీసుకుని, బేస్ గాయకుడికీ పురుషుల బృందానికీ తన 13వ సింఫనీ (వాయిద్యబృందంతో నడిచే పెద్ద రచన) రాశాడు. హ్మిర్యా గొంతు షొస్టకోవిచ్‌కు అంతకు ముందే తెలుసు, తన పాటలు ఆయన పాడగా విన్నవాడు. 1962 వేసవిలో స్వయంగా కీవ్ వచ్చి హ్మిర్యాను అడిగాడు. హ్మిర్యా ఉక్రెయిన్ అధికారులను సంప్రదించారు. వాళ్లు ససేమిరా కుదరదన్నారు. ఆయన కాదని ఉత్తరం రాశారు. మరో గాయకుడు కూడా వెనక్కి తగ్గాడు. ఒప్పుకున్న ఇంకొకరు ఆ రోజుకే అందకుండా పోయారు. చివరికి డిసెంబరు 18న మాస్కోలో విటాలి గ్రొమాద్‌స్కీ పాడారు, కొంద్రాషిన్ వాయిద్యబృందాన్ని నడిపించారు.

నేను హ్మిర్యాను తప్పుపట్టను. ఆక్రమణలో పాడిన మనిషి మీద ఆ పాత అనుమానాన్ని ఎప్పుడైనా తిరిగి తీయవచ్చు. అనుమతి అడగకపోతే ఆయన మిగిలేవారా? కానీ అడగడమే ఆ జవాబును కొని తెచ్చుకోవడం. ఈ రెండు మాటలూ నా మనసులో పక్కపక్కనే ఉంటాయి, ఒకటి రెండోదాన్ని కొట్టివేయదు. ఏడేళ్ల తరువాత, 1969 ఆగస్టు 1న, ఆయన కీవ్‌లో కన్నుమూశారు.

2022 ఫిబ్రవరి చివర, రష్యా దాడి మొదలయ్యాక, నా ఫోను రాత్రంతా మోగింది. ఖార్కివ్ మెట్రో స్టేషన్లలో తలదాచుకున్న తెలుగు పిల్లల తల్లిదండ్రులు, మా పాత విద్యార్థుల గుంపులో నా నంబరు చూసి, ఏ స్టేషన్ ఎక్కడుందో, రైలు ఎటు పోతుందో అడిగేవారు. తెలిసినంత చెప్పాను. ఆ నెలలోనే ఉక్రెయిన్ మరో గాయకుడు వాసిల్ స్లిపాక్ గురించి చదివాను. ల్వివ్‌లో పుట్టి పారిస్‌లో పాడుతూ, 2014 తరువాత యుద్ధానికి వచ్చి, 'ఫౌస్ట్' ఒపేరాలోని దయ్యం మెఫిస్టో పేరు నుంచి 'మిఫ్' అని మారుపేరు పెట్టుకుని, 2016 జూన్ 29న తూర్పు రంగంలో చనిపోయాడు. నలభై ఒక్కేళ్లు. ఆయన రికార్డులు కూడా దొరుకుతాయి, వినండి. హ్మిర్యా పక్కన పెట్టి పోల్చకండి, అది ఇద్దరికీ అన్యాయం.

కాబట్టి వరుస ఇది. ఆకాశం పాట మూడుసార్లు. తారాస్, బోరిస్, గ్రేమిన్. మంచులో బిచ్చగాడు. ఒక రోజు విరామం. తరువాత గ్రొమాద్‌స్కీ గొంతుతో 13వ సింఫనీ, గంటసేపు పడుతుంది, పడుకునే ముందు మాత్రం పెట్టుకోకండి. మొదట గంట మోగుతుంది. పురుషుల బృందం సన్నగా అందుకుంటుంది. వాళ్లు ఆగాక ఒక్క గొంతు రావాలి. నేను సరిగ్గా అక్కడ ఆపుతాను. ఆ ఖాళీలో హాస్టల్ వాకిట్లో విన్న గొంతును ఒకసారి తలుచుకుని, మళ్లీ మీట నొక్కుతాను. వచ్చేది గ్రొమాద్‌స్కీ. బాగా పాడాడు.